ప్రోగ్రాములకి కీబోర్డు, స్పీకర్లు తీసుకెళ్లడానికి ఎలాంటి ట్రాలీ కొనాలి?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ చెప్తాను, చదివేవాళ్లకి తెలియాలి కదా. ఊరు గుంటూరు, మీరూ మీ ఫ్రెండూ ఇద్దరే మనుషులు, బండి వ్యాగన్ ఆర్. పెళ్లిళ్లు, సంగీత్‌లు, గుళ్లలో ఉత్సవాలు చేస్తున్నారు. సామాను 15 అంగుళాల పవర్డ్ స్పీకర్లు (యాంప్లిఫయర్ లోపలే ఉండేవి) రెండు, 61 కీల కీబోర్డు, 12 ఛానెళ్ల మిక్సర్, స్టాండ్లు, కేబుళ్ల బ్యాగు. ఆన్‌లైన్‌లో 150 కిలోలవీ 300 కిలోలవీ మడత ట్రాలీలు చూశారు, ఏది తీసుకోవాలో తేలడం లేదు. బడ్జెట్ 8 వేలు. వెల్డింగ్ షాపులో చేయించుకోవడం మంచిదా, సెకండ్ హ్యాండ్‌ది కొనొచ్చా అని కూడా అడిగారు.

నేను విజయవాడలో 22 ఏళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాను. అందులో 12 ఏళ్లుగా సొంతంగా చిన్న సౌండ్ సెట్ పెట్టుకుని తిరుగుతున్నాను. ఈ 12 ఏళ్లలో నాలుగు ట్రాలీలు మార్చాను, కాబట్టి ముందు జవాబు చెప్పేసి తర్వాత కారణాలు రాస్తాను.

మీకు కావాల్సింది ఒక వైపు 10 అంగుళాల పెద్ద చక్రాలు, హ్యాండిల్ వైపు 5 అంగుళాల తిరిగే చక్రాలు ఉన్న ట్రాలీ. హ్యాండిల్ ఊడి రావాలి, వీలైతే పెద్ద చక్రాలు కూడా. మీ బడ్జెట్‌లో ఇలాంటిది రెడీమేడ్‌గా దొరకడం కష్టం, చేయించుకోండి. అంత ఓపిక లేకపోతే 5 అంగుళాల చక్రాలున్న ప్లాట్‌ఫాం ట్రాలీ (చదును పలక, ఒక చివర హ్యాండిల్, కింద నాలుగు చక్రాలు ఉండేది) తీసుకోండి, కానీ అది ఊళ్లో హాళ్లకే పనికొస్తుందని తెలిసి తీసుకోండి. 150, 300 అనే కిలోల అంకె చూసి మాత్రం కొనొద్దు. మన సామానుకి ఆ అంకెతో పనే లేదు.

ఎందుకో లెక్క చూడండి. 15 అంగుళాల స్పీకర్ ఒక్కోటి 17 నుంచి 20 కిలోలు ఉంటుంది, ఉదాహరణకి యమహా డీబీఆర్ 15 బరువు 19.3 కిలోలు. రెండు కలిపి 39 అనుకుందాం. కీబోర్డుల్లో తేడా ఎక్కువ, రోలాండ్ ఎక్స్‌పీఎస్ 10 నాలుగు కిలోలే, యమహా ఎస్ఎక్స్ 900 పదకొండున్నర. బ్యాగుతో కలిపి 13 వేసుకోండి. మిక్సర్ బ్యాగుతో 6, స్పీకర్ స్టాండ్లు రెండూ 7, కీబోర్డు స్టాండు 5, మైకు స్టాండ్లు మూడు 8, కేబుళ్లు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు, మైకులు కలిపి 12. మొత్తం 90 కిలోలు. అంటే అన్నిటికంటే చవక 150 కిలోల ట్రాలీకి కూడా ఇది బరువే కాదు. ఆ 150 కిలోలు నున్నటి ఫ్లోరు మీద మోసే బరువు. గడప దగ్గర, కంకర మీద, తడి మట్టిలో ఆ అంకెకి అర్థం ఉండదు.

నేను 12 ఏళ్ల కిందట మొదట కొన్నది అలాంటిదే. ప్లాస్టిక్ బెడ్ (సామాను పెట్టే పలక), మడిచే హ్యాండిల్, కింద 3 అంగుళాల నైలాన్ చక్రాలు. షాపులో టైల్స్ మీద వేలితో తోస్తే పోయింది. మొదటి ప్రోగ్రాం ఒక కల్యాణ మండపంలో. కారు ఆపిన చోట సిమెంటు ఇటుకలు పరిచారు, ఇటుకకీ ఇటుకకీ మధ్య వేలు పట్టేంత సందు. ట్రాలీ ఆ చివరి దాకా గడగడమంటూనే పోయింది. గేటు దగ్గర ఇనప చానల్ ఉంది, అక్కడ చక్రం ఠక్కున ఆగింది, పైనున్న మిక్సర్ బ్యాగు ముందుకి దూకింది. లోపలికెళ్తే స్టేజీ ముందంతా కార్పెట్, దాని కింద జనరేటర్ నుంచి వచ్చిన లావు కేబుల్. అక్కడా ఆగింది. మొత్తం 60 మీటర్ల దారిలో నాలుగు చోట్ల ట్రాలీని సామానుతో సహా ఎత్తి దాటించాల్సి వచ్చింది.

చిన్న చక్రం ఎందుకు ఆగుతుందో లెక్క కట్టుకోవచ్చు. 3 అంగుళాల చక్రంతో అంగుళం ఎత్తు గడప ఎక్కాలంటే, ఆ చక్రం మీద ఎంత బరువుందో దానికి దాదాపు మూడింతల బలంతో లాగాలి. అదే గడప 8 అంగుళాల చక్రమైతే బరువులో 90 శాతం బలం చాలు, 10 అంగుళాల చక్రమైతే ముప్పావు వంతు చాలు. చక్రం కేంద్రం గడప కంటే ఎంత పైన ఉంటే అంత సులువుగా ఎక్కుతుంది, విషయం అంతే. 3 అంగుళాల చక్రం కేంద్రం నేల నుంచి అంగుళంన్నరే, గడపే దాన్ని మూడొంతుల్లో రెండొంతులు ఆపేస్తోంది. లిఫ్టు తలుపు దగ్గర ఉండే సందులో కూడా చిన్న చక్రమే ఇరుక్కుంటుంది, లోపల మనుషులు నిలబడి చూస్తుంటే ఆ టెన్షన్ వేరే.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. గట్టి చిన్న చక్రాల మీద వచ్చే అదురు నేరుగా సామానులోకి పోతుంది. నా పాత కీబోర్డులో ఒక కీ అప్పుడప్పుడు పలికేది కాదు, విప్పి చూపిస్తే లోపల బోర్డు మీద టంకం దగ్గర సన్నటి పగులు. రెండేళ్లు ఆ నైలాన్ చక్రాల మీద పడుకోబెట్టి తోశాను, వేరే కారణం నాకు కనపడలేదు. అప్పటి నుంచి బెడ్ మీద 10 మిల్లీమీటర్ల రబ్బరు మ్యాట్ లేకుండా ఏదీ పెట్టను.

చక్రాల రకాల గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే డబ్బు పెట్టాల్సింది ఇక్కడే.

నైలాన్ గట్టిది, అరగదు, నున్నటి నేల మీద తేలిగ్గా పోతుంది. కానీ చప్పుడు. ముహూర్తానికి ముందు మంత్రాలు నడుస్తుండగా హాల్లోంచి గడగడమంటూ పోతే పెళ్లివారు మన వైపు చూసే చూపు బాగోదు. పీయూ చక్రం అంటే గట్టి కోర్ మీద పాలీయురేథేన్ పొర ఉన్నది, హాళ్లకి ఇదే మంచిది, చప్పుడు తక్కువ, నేల మీద గీత పడదు. ఒక లోపం ఉంది, మన కోస్తా తేమకి చవక రకం పీయూ కొన్నేళ్లకి పొడిపొడిగా రాలిపోతుంది. వాడకుండా మూల పెట్టినా రాలుతుంది. నల్ల రబ్బరు చక్రం మెత్తగా పోతుంది, కానీ తెల్లటి మార్బుల్ మీద నల్ల చారలు పడతాయి, హాలు మేనేజరుతో మాట పడాలి. బూడిద రంగు రబ్బరు దొరికితే ఆ ఇబ్బంది ఉండదు.

గాలి చక్రాలు బయట ప్రోగ్రాములకి వీటన్నిటికంటే మేలు. హ్యాండ్ ట్రాలీలకి వచ్చే 10 అంగుళాల టైరు మీద 4.10/3.50-4 అని రాసి ఉంటుంది, ట్యూబు మార్చుకోవచ్చు. పెట్రోలు బంకులో గాలి పట్టించేటప్పుడు జాగ్రత్త. టైరు పక్కన రాసిన ప్రెషర్‌కి మించొద్దు, కారుకి పట్టినట్టు పట్టిస్తే చిన్న టైరు కాబట్టి క్షణాల్లో నిండి పగిలిపోతుంది. నేను సైకిల్ పంపుతోనే కొట్టుకుంటాను, ఎక్కువై పోతుందన్న భయం ఉండదు. పంక్చర్ గొడవ వద్దనుకుంటే లోపల ఫోమ్ నింపిన పీయూ టైర్లు అదే సైజులో వస్తాయి, కొంచెం గట్టిగా ఉంటాయి కానీ మీ బరువుకి బాగానే పనిచేస్తాయి. ఏది కొన్నా మధ్యలో బాల్ బేరింగ్ ఉందో లేదో చూడండి. ప్లాస్టిక్ బుష్ ఉన్నదైతే ఒక వానాకాలానికే కీచుమంటుంది.

గాలి చక్రాల విలువ నాకు అమలాపురం దగ్గర ఒక ఊళ్లో తెలిసింది. గుడి ఉత్సవం, పందిరి కొబ్బరి తోటలో వేశారు, కారు తోట గట్టు దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచి స్టేజీకి ఓ 150 మీటర్లు, అంతా ఇసక నేల, మధ్యలో బోదె మీద రెండు చెక్కలు. అప్పుడు నా దగ్గరున్నది 5 అంగుళాల చక్రాల ప్లాట్‌ఫాం ట్రాలీ. పది అడుగులు పోయేసరికి ముందు చక్రాలు ఇసకలో దిగబడ్డాయి. తిరిగే చక్రాలు ఇసకలో అడ్డంగా తిరిగి నాగలి కర్రులా నేలని చీల్చుకుంటూ ఆగిపోతాయి, ఎంత తోస్తే అంత లోపలికి దిగుతాయి. ఆఖరికి అన్నీ చేతులతో మోశాం, నాలుగు దఫాలు వెళ్లొచ్చాం. ప్రోగ్రాం అయ్యేసరికి రాత్రి 2 గంటలు, మళ్లీ నాలుగు దఫాలు, మంచుకి తడిసిన ఇసకలో. మరునాడు నడుము పట్టేసింది, ఆరు వారాలు బరువు ముట్టుకోవద్దన్నారు డాక్టరు గారు. సీజన్లో ఆరు వారాలంటే మనకి ఎంత నష్టమో మీకు చెప్పక్కర్లేదు. అందుకే ట్రాలీకి పెట్టే డబ్బు దండగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అందువల్ల కొనేముందు ఒక పని చేయండి. మీరు గత ఏడాది చేసిన ప్రోగ్రాములు గుర్తుచేసుకుని, కారు దగ్గర నుంచి స్టేజీ దాకా ఉన్న దారిలో అన్నిటికంటే కష్టమైన ముక్క ఏదో రాసుకోండి. గడపలా, మెట్లా, ఇసకా, కంకరా, ఇరుకు లిఫ్టా? ట్రాలీని ఆ ముక్క కోసం ఎంచుకోవాలి. మిగతా దారి ఏ ట్రాలీ అయినా పోతుంది. మీరు గుళ్లు కూడా చేస్తున్నారు కాబట్టి మట్టి నేల తప్పదు, పెద్ద చక్రాలు అన్నది అందుకే.

ఇక మార్కెట్లో దొరికే రకాల మీద నా అభిప్రాయం.

రెండు చక్రాల అల్యూమినియం మడత ట్రాలీ, లగేజీకి వాడేది: కీబోర్డూ, ఒక బ్యాగూ మాత్రమే తీసుకెళ్లే ఆర్టిస్టుకి చాలా బాగుంటుంది. సౌండ్ వేరేవాళ్లది అయితే ఇదొక్కటే చాలు. కానీ 20 కిలోల స్పీకర్ ఎక్కిస్తే జారుడు హ్యాండిల్ ఒంగిపోతుంది. నాది మూడో ప్రోగ్రాంకే ఒంగి మళ్లీ లోపలికి దిగలేదు.

ప్లాట్‌ఫాం ట్రాలీ: 150 కిలోలది సుమారు 74 సెంటీమీటర్లు బై 48 ఉంటుంది, చక్రాలు 4 అంగుళాలు. 300 కిలోలది సుమారు 90 బై 60, చక్రాలు 5 అంగుళాలు. మీరు చూసినవి ఇవే. పెద్దది చక్రాల కోసం బాగుంటుంది కానీ బరువెక్కువ, వ్యాగన్ ఆర్‌లో స్పీకర్లతో పాటు పెట్టడం కష్టం. చిన్నది కొని కింద చక్రాలు 5 అంగుళాలవి మార్పించుకోవడం ఒక మధ్యేమార్గం. చక్రం పైనుండే ప్లేటు బోల్టు రంధ్రాలు సరిపోతాయో లేదో కొలుచుకోండి. హైదరాబాద్ వాళ్లెవరైనా చదువుతుంటే రాణిగంజ్‌లో చక్రాలు ఎన్ని రకాలు కావాలంటే అన్ని దొరుకుతాయి, చేతితో తిప్పి చూసి కొనుక్కోవచ్చు.

మ్యూజిక్ వాళ్ల కోసమే చేసిన సాగే ట్రాలీ: అమెరికా రాక్ ఎన్ రోలర్ వాళ్ల మల్టీకార్ట్ లాంటివి. ఫ్రేము పొడవు సాగుతుంది, రెండు చివర్లా కొమ్ములు లేస్తాయి, నిలబెడితే రెండు చక్రాల ట్రాలీ అవుతుంది, పడుకోబెడితే నాలుగు చక్రాలది. నిజంగా మంచి డిజైను. డబ్బు పెట్టగలిగితే కళ్లు మూసుకుని కొనొచ్చు, కానీ ఇక్కడికి వచ్చేసరికి మీ బడ్జెట్ దాటిపోతుంది. దాని బొమ్మ చూసి మన వెల్డర్‌తో అలాంటిదే చేయించుకోవాలని ప్రయత్నించకండి, జారే గొట్టాలు రెండూ ఒకదానికొకటి నప్పకపోతే మధ్యలో ఇరుక్కుపోతుంది. నేను ఒకసారి చేయించి పారేశాను.

మెట్లెక్కే మూడు చక్రాల గుత్తి ట్రాలీ: ఆరంగుళాల మెట్లకి పనిచేస్తుంది. పాత భవనాల్లో మెట్టు ఏడెనిమిది అంగుళాలుంటుంది, అక్కడ గుత్తి సరిగ్గా తిరగదు. చదును నేల మీద ఊగుతూ పోతుంది. మొదటి అంతస్తు హాళ్లు, లిఫ్టు లేనివి ఎక్కువ చేస్తుంటే తప్ప వద్దు.

గుడ్డ బండి, పార్కులకి తీసుకెళ్లే మడత వ్యాగన్: కేబుళ్లకి, స్టాండ్లకి బాగుంది. స్పీకర్లు అందులో దించడం, పైకి తీయడం నడుముకి పరీక్ష.

ఇప్పుడు చేయించుకునే ట్రాలీ సంగతి. నేను ఇప్పుడు వాడుతున్నది విజయవాడ ఆటోనగర్‌లో చేయించిందే, ఏడేళ్లయింది. గుంటూరులో కూడా గేట్లు, గ్రిల్స్ చేసే ఏ వెల్డింగ్ షాపు అయినా చేస్తుంది. షాపులో అడిగేటప్పుడు చేతితో తోసే ట్రాలీ అని చెప్పండి, ఉత్త ట్రాలీ అంటే వాళ్లు ట్రాలీ ఆటో బాడీ అనుకుంటారు.

చక్రాలు ముందు కొనండి, ఫ్రేము తర్వాత. చక్రం బేరింగ్ రంధ్రం ఎంతుందో చూసి దానికి తగ్గ యాక్సిల్ రాడ్ తీసుకోవాలి. తర్వాత 1 అంగుళం స్క్వేర్ పైపు, మందం 16 గేజి, బెడ్ 75 బై 45 సెంటీమీటర్లు, మధ్యలో రెండు అడ్డపట్టీలు, పైన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద రబ్బరు మ్యాట్. ఈ కొలతలు ఎందుకంటే 15 అంగుళాల స్పీకర్ వెడల్పు దాదాపు 45, లోతు దాదాపు 38 ఉంటుంది. రెండింటినీ ముఖాలు ఎదురెదురుగా నిలబెడితే సరిగ్గా బెడ్ నిండుతుంది, జాలీలు లోపలి వైపుంటాయి కాబట్టి గోడలకి గీసుకోవు. మీ స్పీకర్ కొలత టేపుతో చూసుకుని ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ మార్చుకోండి.

పెద్ద చక్రాలు బెడ్‌కి బయట రెండు పక్కలా వస్తాయి, మొత్తం వెడల్పు 65 దాకా అవుతుంది. మీరు వెళ్లే హాళ్ల లిఫ్టు తలుపు కొలిచి చూసుకోండి. యాక్సిల్‌ని బెడ్ చివరన కాకుండా 15 సెంటీమీటర్లు లోపలికి పెట్టించండి. దీనికి కారణం ఉంది. గడప వచ్చినప్పుడు, ఇసక వచ్చినప్పుడు హ్యాండిల్ పట్టుకుని చిన్న చక్రాలని గాల్లోకి లేపి, బరువంతా పెద్ద చక్రాల మీద పెట్టి పోతాం. యాక్సిల్ చివరనే ఉంటే 90 కిలోల్లో సగం, అంటే 45 కిలోలు మన చేతుల మీద పడుతుంది. 15 సెంటీమీటర్లు లోపలికి జరిపితే అది 34కి తగ్గుతుంది. ఇంకా లోపలికి జరిపితే ఇంకా తగ్గుతుంది కానీ ముందు స్పీకర్ ఒక్కటే ఉన్నప్పుడు ట్రాలీ ముందుకి బోర్లా పడుతుంది, అందుకని 15 దగ్గర ఆపండి. ఎక్కించేటప్పుడు హ్యాండిల్ వైపు స్పీకర్ ముందు పెట్టడం, దించేటప్పుడు అది ఆఖర్న తీయడం అలవాటు చేసుకోండి.

హ్యాండిల్ యు ఆకారంలో ఉండి, బెడ్‌కి వెల్డ్ చేసిన రెండు గొట్టాల్లోకి దిగి, పిన్నుతో లాక్ కావాలి. ఆ పిన్నుని చిన్న గొలుసుతో ఫ్రేముకి కట్టించండి, చీకట్లో పిన్ను పోతే ఆ రాత్రి ట్రాలీ లేనట్టే. చిన్న చక్రాలు రెండింటికీ బ్రేకు ఉండాలి. పెద్ద చక్రాలకి స్ప్లిట్ పిన్ పెట్టిస్తే కారులో పెట్టేటప్పుడు తీసేయొచ్చు. అన్నీ కలిపి బరువు 14 కిలోల దగ్గర వస్తుంది. నాకు అప్పట్లో చక్రాలు, పైపు, ప్లై, కూలీ, పెయింటు అన్నీ కలిపి 5 వేల లోపే అయింది, ఇప్పుడు ఎక్కువే అవుతుంది కానీ మీ 8 వేలలో రావాలి.

చక్రం ఎంత బరువు మోయాలి అన్నదానికి ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. మొత్తం బరువుని నాలుగుతో కాదు, మూడుతో భాగించాలి. ఎగుడుదిగుడు నేల మీద ఎప్పుడూ ఒక చక్రం గాల్లో ఉంటుంది. సామాను 90, ట్రాలీ 14, మొత్తం 104, మూడుతో భాగిస్తే 35. గడప దిగేటప్పుడు పడే దెబ్బకి ఇంకొంత కలుపుకుని, ఒక్కో చక్రం 60 కిలోలు మోసేది తీసుకుంటే నిశ్చింత.

కట్టడం గురించి. ట్రాలీ ఎంత మంచిదైనా కట్టడం సరిగ్గా లేకపోతే ప్రమాదమే. ఏలూరులో ఒక ఫంక్షన్ హాల్లో వంట సామాను కోసం వేసిన ర్యాంపు మీద దిగుతున్నాం, స్పీకర్లు స్కూటర్లకి వాడే ఎలాస్టిక్ తాడుతో కట్టి ఉన్నాయి. ర్యాంపు సగంలో పై స్పీకర్ నిదానంగా ముందుకి వాలడం నా కళ్ల ముందే కనపడుతోంది, తాడు తెగలేదు, సాగింది. అలా సాగి సాగి కొక్కెం ఫ్రేము నుంచి ఊడి నా చెవి పక్క నుంచి పోయింది, స్పీకర్ మూల మీద పడి లోపలి హార్న్ (సన్నటి శబ్దాలు వచ్చే భాగం) పగిలింది. ఆ కొక్కెం రెండంగుళాలు ఇటు వచ్చుంటే కన్ను పోయేది. ఎలాస్టిక్ తాడు బరువు సామానుకి వాడకండి. లారీల వాళ్లు వాడే ర్యాచెట్ బెల్టు (పిడి ఆడిస్తే బిగుసుకునేది) చిన్న సైజుది, అంగుళం వెడల్పుది రెండు కొనుక్కోండి. బెల్టు స్పీకర్ల మీదుగా బిగించండి, కీబోర్డు మీదుగా ర్యాచెట్ బిగిస్తే కీలు నొక్కుకుపోతాయి. కీబోర్డు స్పీకర్ల పైన పడుకోబెట్టి మామూలు బెల్టుతో చేత్తో లాగి కట్టండి చాలు. స్టాండ్ల బ్యాగు పక్కన, కేబుళ్ల బ్యాగు కింద వైపు. మిక్సర్ మీ ఫ్రెండు భుజానికి వేసుకుంటే ఇంకా మంచిది.

ర్యాంపు దగ్గర ఇంకో మాట. వీల్‌చైర్ కోసం కట్టే ర్యాంపు అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. అలాంటి దాని మీద మీ 104 కిలోల బండిని 9 కిలోల బలంతో ఆపొచ్చు. కానీ వంటవాళ్ల కోసం హడావుడిగా పోసిన ర్యాంపులు చాలాచోట్ల అడుగుకి నాలుగడుగులే ఉంటాయి, అక్కడ 25 కిలోల బలం కావాలి, తడిగా ఉంటే కాలు జారుతుంది. ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా బరువుకి కింది వైపు ఎవరూ నిలబడకూడదు, ఇద్దరూ పై వైపే ఉండి పట్టుకోండి. అనుమానంగా ఉంటే స్పీకర్లు దించి రెండు దఫాలుగా పోండి. స్టేజీ ఎక్కే మూడు నాలుగు మెట్లకి ట్రాలీతో కుస్తీ పట్టొద్దు, కిందే బ్రేకు వేసి ఇద్దరూ చెరో వైపు పట్టి స్పీకర్ ఎక్కించండి.

కారులో సర్దడం: వ్యాగన్ ఆర్ డిక్కీ 341 లీటర్లు, వెనక సీటు మడిస్తే మీ సామానంతా పడుతుంది. ట్రాలీ మాత్రం అన్నిటికంటే ఆఖర్న ఎక్కాలి, ముందు దిగాలి. అడుగున పెట్టి పైన స్పీకర్లు పెడితే, హాలు ముందు సామానంతా రోడ్డు మీద దించితే గానీ ట్రాలీ బయటికి రాదు, వానలో అయితే మరీ ఘోరం. హ్యాండిల్, చక్రాలు ఊడి రావాలన్నది ఇందుకే. బెడ్‌ని డిక్కీ తలుపుకి ఆనించి నిలువుగా పెట్టి, చక్రాలు ఒక గోనెసంచిలో వేసుకోండి, కారు మట్టి కాదు.

రైల్లో వెళ్లే ప్రోగ్రాములకి ఈ ట్రాలీ తీసుకెళ్లకండి. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో ఒక్కో టికెట్‌కి ఉచితంగా 40 కిలోలే, మీ ఇద్దరికీ కలిపి 80, మీ సామానే అంతకంటే ఎక్కువ. అలాంటప్పుడు స్పీకర్లు అక్కడే అద్దెకి తీసుకుని కీబోర్డు మాత్రం రెండు చక్రాల చిన్న ట్రాలీ మీద పట్టుకెళ్లండి.

ఆఖరి ప్రశ్న, సెకండ్ హ్యాండ్. ఫ్రేము పాతదైతే పర్లేదు, చక్రాలు ఎలాగూ మార్చొచ్చు. చూడాల్సినవి మూడు. హ్యాండిల్ మొదట్లో వెల్డింగ్ దగ్గర పెయింటు సన్నగా చిట్లి ఉందేమో చూడండి, అక్కడే ముందు పగులుతుంది. తిరిగే చక్రాన్ని పైకి ఎత్తి చేత్తో పక్కలకి ఊపి చూడండి, లటలటలాడితే లోపల బాల్స్ అరిగాయి. ట్రాలీని చదును నేల మీద ఖాళీగా ఒక తోపు తోసి వదిలేయండి, ఒక పక్కకి లాగేస్తుంటే ఫ్రేము మెలిక పడినట్టు, అది వద్దు. ఈ మూడూ బాగుండి కొత్త దాని ధరలో సగానికి వస్తే తీసుకోండి. మీ స్పీకర్ మోడలు, డిక్కీలో ఎంత ఎత్తు మిగులుతోందో కొలిచి కింద రాయండి, బెడ్ కొలత ఎంత పెట్టించాలో చెప్తాను.